అక్కడి పేరయ్య ఎవరు?

విదేశంలో పరిచర్యకు వెళ్తున్నావా? ముందు పాస్‌పోర్టు తెరువు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో చూడు. మన మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో చాలామందికి ఒక్క పేరే పడి ఉంటుంది. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో వచ్చే సందర్శకుల మీద యూఏఈ 2022 నవంబరులో ఆంక్ష పెట్టింది. సంఘంలో నిన్ను ఏ పేరుతో పిలిచినా సరే, టికెట్టు మీద, వీసా మీద పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. సవరణకు నెలలు పట్టొచ్చు. అందుకే పదిహేను రోజుల పరిచర్యకైనా ఆరు నెలల ముందే జట్టును కూర్చోబెడతాను.

కాగితాల పని ఎవరైనా నేర్పుతారు. అసలు పని నాకు నేర్పింది కంభం వైపు పనిచేసిన ఒక పెద్ద అయ్యగారు. మొదటి కూడికలో ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "అక్కడి పేరయ్య ఎవరు?"

యర్రగుంట్ల పేరయ్య సంగతి మన సంఘాల్లో పెద్దలకు తెలుసు, కుర్రాళ్లకు చెప్పాలి. 1866లో అమెరికా మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టాడు. కానీ ఈ పడమటి పల్లెల్లోకి దారి తీసింది తోళ్ల వ్యాపారం చేసే పేరయ్య. ఎవరి గడప ఎక్కాలో, ఏ మాట ఎక్కడ చెల్లుతుందో ఆయనకు తెలుసు. నల్లమలలో పుట్టి మన మీదుగా పారే గుండ్లకమ్మలోనే 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇద్దరిద్దరుగా నీళ్లలో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులే. దూరం నుంచి వచ్చినవాడు ఊరివాడికి తోడుగా ఉండాలి తప్ప ఊరివాడి చోటు తీసుకోకూడదని అయ్యగారు అక్కడినుంచే మొదలుపెట్టేవారు.

ఇంకో మాట కూడా చెప్పేవారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండికోసం వచ్చారన్న మాట పడకూడదని. నువ్వు వెళ్లేచోట కూడా డబ్బు, ఉద్యోగం, వీసా ఊసు ఎత్తకు. ఎవరైనా అడిగితే స్థానిక కాపరికి చెప్పు, నువ్వు మాటివ్వకు.

విదేశానికి పోవడం మనకు కొత్త కాదు. 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ కానుకలతోనే నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపాయి. 1860 నుంచి ఓడల్లో అక్కడికి వెళ్లిన కూలీల్లో మనవాళ్లూ ఉన్నారు. కియర్స్‌నీ తేయాకు తోటల్లో ఆయన తెలుగు సంఘం కట్టారు. పంపింది ఏ అమెరికా డబ్బో కాదు, ఇక్కడి పేదలు. మా సంఘంలో అమ్మలు ఇప్పటికీ అన్నం వండేముందు గుప్పెడు బియ్యం పక్కకు తీస్తారు. ఆ బియ్యం అమ్మిన డబ్బూ నీ టికెట్టులో ఉంటుంది. అందుకే టీ ఖర్చు కూడా పుస్తకంలో రాయిస్తాను.

ఇక సామాను. కువైటుకు వెళ్తుంటే అమ్మ కొట్టిచ్చిన మసాలా పొడిలో గసగసాలు ఉన్నాయేమో అడుగు. గల్ఫులో గసగసాలు నిషేధం, పట్టుబడితే కేసు. కొన్ని నొప్పి మాత్రలూ అంతే. డాక్టరు చీటీ లేకుండా ఒక్కటీ వద్దు. ప్రయాణం తెలియగానే బేస్తవారిపేట నుంచి, కొమరోలు నుంచి జనం పార్సిళ్లు తెస్తారు, "మా చెల్లెలికి ఇవ్వండి అయ్యా" అని. కాదనలేం. అయితే వాళ్ల ముందే విప్పి, చూసి, మళ్లీ కట్టు. కుట్టేసిన మూట ఎవరిదైనా తీసుకోవద్దు.

తూర్పు ఆఫ్రికా దారి అయితే పచ్చజ్వరం టీకా తప్పదు. హైదరాబాదు నారాయణగూడలోని ఐపీఎంలో వేస్తారు. వేసిన పది రోజులకుగానీ దానికిచ్చే పసుపు కార్డు చెల్లదు. అది లేకుండా తిరిగొస్తే మనదేశంలోనే ఆరు రోజులవరకూ విడిగా ఉంచుతారు. గుడ్డు పడనివాళ్లు ముందే చెప్పాలి.

తర్జుమాతో మాట్లాడటం అభ్యాసం చేయిస్తాను. ఒకరు తెలుగులో చెప్తారు, ఇంకొకరు ఇంగ్లీషులో అందుకుంటారు. ఒక వాక్యం, ఆగు. మళ్లీ ఒక వాక్యం. ముప్పై నిమిషాల ప్రసంగం పదిహేనుకు కుదించుకోవాలి, ఎందుకంటే మిగతా సగం తర్జుమాదారుడిది. దంచి చెప్పడం అలవాటైన మా యౌవనస్తులకు ఇదే కష్టం. నెలరోజులు పడుతుంది.

కువైటులో శుక్రవారమే ఆరాధన. నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో పలు భాషల సంఘాలు గంటలు పంచుకుని కూడుకుంటాయి. ఇళ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లు సెలవు దొరికితే వస్తారు. ఓసారి మా జట్టు కుర్రాడొకడు ఉత్సాహంకొద్దీ వాళ్ల ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టాడు. అక్కడి పెద్ద చూసి వెంటనే తీయించాడు. యజమాని కంట పడితే వాళ్లను వచ్చేవారం రానివ్వరు. అప్పటినుంచి ఆవరణలోకి వెళ్లేముందే ఫోన్లు సంచిలో వేయిస్తున్నాం. ప్రార్థన, బోధ కూడా ఆ ఆవరణలోనే. వీధిలో కరపత్రం పంచితే శిక్ష మనకంటే ముందు అక్కడి సంఘానికి పడుతుంది.

నేను చూసిన వాటిలో మంచి పని చేసింది గిద్దలూరు నుంచి వచ్చిన ఒక నర్సమ్మ. వేదిక ఎక్కలేదు. చివరి వరుసలో కూర్చుని ఒక్కొక్కరి బీపీ చూసింది, మోకాళ్ల నొప్పులు విన్నది, కొడుకు చదువు గురించి ఏడిస్తే చేయి పట్టుకున్నది. ఊరి పేరు, ఇంటివాళ్ల పేరు, చెప్పమన్న మాట వాళ్ల అనుమతితో రాసుకున్నది. తిరిగొచ్చాక రాచర్ల, అర్ధవీడు, తర్లుపాడు పల్లెల్లో ఆ ఇళ్లకు వెళ్లాం. ఆమెను చూసే ఆ నోటుపుస్తకం మా పద్ధతిలో చేర్చాను.

కాబట్టి తిరుగు టికెట్టు తర్వాత వారం రోజులు ఖాళీ పెట్టుకో. లెక్కలు సంఘం ముందు చదువు, తర్వాత ఆ ఇళ్లకు బయలుదేరు. ఊళ్లో పరిచయమున్న అమ్మగారిని వెంట తీసుకెళ్లు. జీతం రావడం లేదని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట నలుగురిలో ఎత్తకు, తల్లికి మాత్రమే చెప్పు.