రాదని అయినా చెప్పాలి

సాఫ్ట్‌వేర్ పనిచేసేవాళ్ల కష్టాల్లో బయటివాళ్లకు అంత తేలిగ్గా అర్థం కానిది ఒకటుంది. తాము రోజూ రాసే ప్రోగ్రామింగ్ భాషకు కొత్త వర్షన్ వచ్చి నెలలు గడుస్తాయి. మిగతా ప్లాట్‌ఫామ్‌ల మీద అది హాయిగా నడుస్తుంటుంది. తాము వాడే ప్లాట్‌ఫామ్ మీద మాత్రం రాదు. ఎప్పుడొస్తుందని అడిగితే దాన్ని తయారుచేసి అమ్మే సంస్థ నోరు విప్పదు. వస్తుందనీ అనదు, రాదనీ అనదు. కొత్త ఫోను కోసం ఎదురుచూసే కుర్రాళ్ల తహతహ లాంటిదే ఇదీ అని కొందరు కొట్టిపారేస్తారు. నేను అలా అనుకోను. ఆలస్యాన్ని ఎవరైనా అర్థం చేసుకుంటారు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ రాసేవాడికి ఆలస్యం గురించి ఇంకొకరు చెప్పనక్కరలేదు. భరించలేనిది ఆ ఆలస్యం చుట్టూ అలుముకునే మౌనం. ఒక భాషను తన ప్లాట్‌ఫామ్ మీదికి తెచ్చే పని మరెవరికీ వదలకుండా తానే చేతిలో పెట్టుకున్న సంస్థ, దాని మీద బతికేవాళ్లకు ఒక తేదీ బాకీ ఉంటుంది. తేదీ చెప్పే స్థితి లేకపోతే ఆ సంగతైనా చెప్పాలి.

ఈ వాదనకు అన్నిటికంటే గట్టి ఆధారం మ్యాక్ మీద జావా నడిచిన తీరు. 2000లో జావావన్ వేదిక మీదికి స్టీవ్ జాబ్స్ స్వయంగా వచ్చి, జావాకు మ్యాక్‌ను మించిన చోటు ఉండకుండా చేస్తామని మాటిచ్చాడు. విండోస్‌కూ లినక్స్‌కూ జావాను సృష్టించిన సన్ మైక్రోసిస్టమ్స్ తానే జావా తయారుచేసి ఇచ్చేది. మ్యాక్‌కు మాత్రం ఆ బాధ్యతను ఆపిల్ తీసుకుంది. 2006 డిసెంబరులో సన్ జావా 6 విడుదల చేసింది. ఆపిల్ కూడా డెవలపర్లకు ముందస్తు ప్రతులు ఇచ్చింది కాబట్టి అందరూ ధీమాగా ఉన్నారు. 2007 అక్టోబరు 26న మ్యాక్ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ లెపర్డ్ బయటికొచ్చింది. అందులో జావా 6 లేదు. అంతకుముందు ఇచ్చిన ముందస్తు ప్రతులు కూడా మాయమయ్యాయి. ఎందుకో సంస్థ చెప్పలేదు. చివరికి 2008 ఏప్రిల్ 29న వచ్చింది, అదీ 64 బిట్ ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌లకు మాత్రమే. 2006 మొదట్లో ఆపిల్ అమ్మిన మొదటి ఇంటెల్ మ్యాక్‌లు 32 బిట్‌వి. వాటిని కొని రెండేళ్లు దాటిందో లేదో, యజమానులు ఆ రోజున తమ యంత్రం లెక్కలో లేదని తెలుసుకున్నారు. ఈ మధ్యలో జరిగిన ఒక పని నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. 2007 చివర్లో ఒక ప్రోగ్రామర్, బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఉన్న జావా కోడ్‌ను తీసుకుని మ్యాక్ మీద నడిచేలా మలిచి ‘సోయ్‌లాటే’ పేరుతో అందరికీ ఇచ్చాడు. పెద్ద సంస్థ ఒక్క వాక్యం రాయని కాలంలో, ఎవరూ అడక్కుండానే ఒక మనిషి తన తీరిక సమయం పెట్టి ఆ లోటు పూడ్చబోయాడు.

ఆ మౌనం ఖరీదు ఎవరి మీద పడుతుందో తెలియాలంటే సైబరాబాద్‌లో పని ఎలా నడుస్తుందో చూడాలి. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక సర్వీసెస్ కంపెనీలో టీమ్ లీడ్ క్లయింట్‌కు ఎస్టిమేట్ ఇవ్వాలి. ఎన్ని నెలలు, ఎంతమంది, ఏ వర్షన్ అన్నవన్నీ అందులో రాసి సంతకం పెట్టాలి. ప్లాట్‌ఫామ్ సంస్థ ఏమీ చెప్పనప్పుడు అతని ముందు రెండే దారులుంటాయి. కొత్త వర్షన్ వస్తుందని నమ్మి రాస్తే, అది రాని రోజున క్లయింట్ కాల్‌లో తలదించుకోవాలి. పాతదాని మీదే కట్టేస్తే, అది ఆర్నెల్లకే వచ్చినప్పుడు చేసిందంతా మళ్లీ చేయాలి. ఆ తిరగరాత వారాంతాల్లో, రాత్రి షిఫ్టుల్లో జరుగుతుంది. దాన్ని ఏ ఇన్‌వాయిస్‌లోనూ వేయరు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోర్సుల్లో చేరే ఫ్రెషర్ పరిస్థితి ఇంకా దీనం. ఊళ్లో నాన్న అప్పు తెచ్చి కట్టిన ఫీజుతో అతను ఏదో ఒక భాషను, ఏదో ఒక ప్లాట్‌ఫామ్‌ను నమ్ముకుంటాడు. అది ముందుకు సాగుతుందా ఆగిపోతుందా అన్న సంగతి కొన్ని వేల మైళ్ల అవతల ఒక గదిలో కొందరికి తెలుసు. ఇతనికి తెలియదు, ఇతనికి పాఠం చెప్పేవాళ్లకూ తెలియదు. సమాచారం ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ఇంత తేడా ఉన్నచోట మౌనాన్ని తటస్థం అనలేం. దాని భారం ఎప్పుడూ బలహీనుడి వైపే పడుతుంది.

మార్పును ముందే చెప్పే పద్ధతి చూడటానికి దూరం పోనక్కరలేదు. హైటెక్ సిటీ నుంచి కూకట్‌పల్లి మీదుగా వెళ్తే అటూ ఇటుగా పది కిలోమీటర్లలో బాలానగర్ వస్తుంది. హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం, 1968లో మొదలైన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ, వాటి చుట్టూ అల్లుకున్న వందల చిన్న వర్క్‌షాపులు ఉన్న చోటు అది. అక్కడ పెద్ద కంపెనీకి విడిభాగం చేసిపెట్టే షెడ్డులో డ్రాయింగ్‌దే రాజ్యం. ప్రతి డ్రాయింగు మూలన రివిజన్ నంబరు, తేదీ, ఏం మార్చారో రెండు ముక్కలు ఉంటాయి. కొలత మారితే కొత్త డ్రాయింగు పంపి పాత ప్రతిని వెనక్కి తీసుకుంటారు, లేదా చెల్లదని ముద్ర వేస్తారు. లేత్ మీద ఎక్కించిన లోహం ఒకసారి కోశాక మళ్లీ అతుక్కోదు, అందుకే ఆ క్రమశిక్షణ. సాఫ్ట్‌వేర్‌లో కోసింది కనపడదు, తుక్కు గుట్టగా పేరుకోదు. కాబట్టి నష్టం లేనట్టే అనిపిస్తుంది. మనిషి పెట్టిన నెలలు ఆ ఇనుము కంటే చవకైనవా? ఒక విడిభాగం ఆర్డరుకు ఉన్నపాటి మర్యాద, వేలమంది జీతాలు ఆధారపడిన భాషకు ఉండకపోవడానికి కారణం నాకు కనిపించదు.

దీనికి మొదటి అభ్యంతరం, ఊరికే ఇచ్చేదానికి ఇన్ని షరతులేమిటని. జావాకు ఆపిల్ విడిగా డబ్బు తీసుకోలేదన్నది నిజమే. కానీ మ్యాక్‌ను డెవలపర్లకు అమ్మినప్పుడు జావా అందులో ఉందన్నది కూడా అమ్మకపు మాటల్లో ఒకటి. యంత్రానికి డబ్బు తీసుకున్నాక అందులోని భాషను ఉచిత కానుక అనడం సరికాదు. రెండో అభ్యంతరం వ్యాపార రహస్యం. ముందే చెబితే పోటీదారు పసిగడతాడంటారు. కొత్త ఫోను ఆకారం విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను. జావా 6లో ఏముందో మాత్రం ప్రపంచమంతటికీ తెలుసు, దాని నిర్దేశాలు బహిరంగంగా అచ్చయి ఉన్నాయి. దాన్ని మ్యాక్ మీదికి ఫలానా నెలలో తెస్తామని చెప్పడం వల్ల ఏ పోటీదారుకు ఏ రహస్యం అందుతుంది? రహస్యం పాటించడం అలవాటైన సంస్థ, దాచాల్సిందీ చెప్పాల్సిందీ ఒకే అరలో పెట్టేసిందన్నదే నాకు తోచే కారణం.

మూడో అభ్యంతరానికి బలముంది, దాన్ని తోసెయ్యలేం. తేదీ చెప్పి తప్పడం కంటే చెప్పకపోవడమే మేలు కదా, మాట తప్పితే తిట్లు రెట్టింపవుతాయి కదా అంటారు. దీనికి జవాబు జావా చరిత్రలోనే ఉంది. జావా 6 తర్వాత జావా 7 రావడానికి 2011 జులై దాకా, అంటే నాలుగున్నరేళ్లకు పైగా పట్టింది. మ్యాక్ ఆలస్యంతో పోలిస్తే ఇది మూడింతలకు మించిన ఆలస్యం. కానీ 2010 సెప్టెంబరులో జావా ముఖ్య రూపశిల్పి మార్క్ రీన్‌హోల్డ్ విషయం బయటపెట్టాడు. అనుకున్నవన్నీ కలిపి ఇవ్వాలంటే ఇంకా ఆలస్యమవుతుంది, లేదా సిద్ధమైనవాటితో 2011 మధ్యలో జావా 7 ఇచ్చి, మిగతావాటిని జావా 8కు వదలొచ్చు అని రెండు దారులూ ముందుపెట్టాడు. ఆ జావా 8 కూడా చెప్పిన గడువు దాటింది. 2013లో మళ్లీ ఆయనే, భద్రతా లోపాలు సరిచేయడానికి మనుషులను మళ్లించాల్సి వచ్చిందని కారణం చెప్పాడు. అది 2014 మార్చిలో వచ్చింది. కోపం రాలేదని కాదు. కానీ ఆ మాట విన్న టీమ్ లీడ్ తన ఎస్టిమేట్‌ను అదే వారం సవరించుకోగలిగాడు. పైథాన్ 2 విషయమూ అంతే. దానికి 2015లో మద్దతు ఆపేస్తామని మొదట అన్నారు, జనం సిద్ధంగా లేరని గ్రహించి 2020కి పొడిగించామని 2014లో ప్రకటించారు, 2020 జనవరి 1న నిజంగానే ఆపారు. గడువు మారినా మార్పు వినపడింది. తప్పిన తేదీని దిద్దుకోవచ్చు. అసలు లేని తేదీని పట్టుకుని ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంకొందరు అనుభవంతో ఒక మాట అంటారు. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో పదిహేనేళ్ల నాటి వర్షన్లే ప్రొడక్షన్‌లో నడుస్తుంటాయి, కొత్తది ఆలస్యమైతే కొంప మునిగేదేముంది అని. పాతదానిలో ఉండిపోవడం సొంత నిర్ణయమైతే ఇబ్బంది లేదు. కొత్తది వస్తుందో రాదో చెప్పనప్పుడు అది సొంత నిర్ణయం కాదు. పైగా కొత్త సౌకర్యాలు వచ్చే దారిలోనే భద్రతా సవరణలూ వస్తాయి. 2012 ఫిబ్రవరి 14న, సన్ స్థానంలోకి వచ్చిన ఒరాకిల్ జావాలోని ఒక ప్రమాదకరమైన లోపాన్ని మూసింది. అదే సవరణ మ్యాక్‌లకు ఆపిల్ నుంచి ఏప్రిల్ 3న అందింది. ఆ ఏడు వారాల సందులో ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్‌వేర్ ఆ లోపం గుండానే చొరబడి 6 లక్షలకు పైగా మ్యాక్‌లను పట్టుకుంది. ఆ యంత్రాల యజమానుల్లో చాలామందికి జావా అంటే ఏమిటో కూడా తెలిసుండదు. లోపం ఉందని, సవరణ ఇంకా సిద్ధం కాలేదని, అందాకా బ్రౌజర్‌లో జావాను ఆపేయమని ముందే చెప్పి ఉంటే, చెప్పినట్టు చేసినవాళ్లయినా తప్పించుకునేవాళ్లు.

ఈ కథలో హైదరాబాద్‌ది ఫిర్యాదుదారు పాత్ర ఒక్కటే కాదు. భాషను తయారుచేసి, ఆపేసిన ఊరు కూడా ఇదే. 1998లో ఇక్కడ మొదలైన మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్‌లోనే విజువల్ జే షార్ప్ అనే భాష రూపొందింది. జావా విషయంలో సన్ 1997లో మైక్రోసాఫ్ట్ మీద దావా వేయడం, 2001 జనవరిలో 2 కోట్ల డాలర్లతో రాజీ కుదరడం దీనికి నేపథ్యం. మైక్రోసాఫ్ట్ జావా పరికరం విజువల్ జే ప్లస్‌ప్లస్‌లో పాత ప్రోగ్రాములున్నవాళ్లు ఆ సంస్థ వేదిక డాట్‌నెట్‌కు మారడానికి 2002లో జే షార్ప్ వచ్చింది. దాని లైబ్రరీలు చాలావరకు జావా పాత వర్షన్ జేడీకే 1.1.4 స్థాయి దగ్గరే నిలిచిపోయాయి. 2004లో జావా 5తో జెనరిక్స్ అనే కొత్త సౌకర్యం వచ్చింది. ఆ తర్వాతి జే షార్ప్‌లో ఇతరులు రాసిన జెనరిక్స్‌ను వాడుకునే వీలుంది కానీ సొంతంగా రాసుకునే వీలు లేదు. జావా అనుకుని దాన్ని నమ్ముకున్నవాళ్లకు ఇది ఎండిపోయిన కాలువే. కానీ ముగింపు దగ్గర మైక్రోసాఫ్ట్ చేసింది సరైన పని. 2007 జనవరిలో బాహాటంగా ప్రకటించింది: వాడకం తగ్గుతోంది, ఉన్న కస్టమర్లకు ఇప్పుడున్నది సరిపోతోంది, కాబట్టి వచ్చే విజువల్ స్టూడియోలో ఇది ఉండదు, 64 బిట్ మద్దతుతో ఆఖరి ఎడిషన్ ఇస్తాం, ఉన్నదానికి 2015 దాకా అండ ఉంటుంది. ఆ వార్త చాలామందిని బాధపెట్టి ఉంటుంది. కానీ కోడ్‌ను సీ షార్ప్‌కు మార్చుకోవడానికి ఎన్నేళ్లున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకోగలిగారు. 2020 మార్చిలో విజువల్ బేసిక్‌ను భాషగా ఇక పెంచే ఉద్దేశం లేదని అదే సంస్థ చెప్పినప్పుడూ అంతే. పోల్చి చూస్తే, 2010 అక్టోబరులో ఆపిల్ తన జావాకు ఇక కాలం చెల్లినట్టేనన్న సంగతిని ఒక అప్‌డేట్ విడుదల పత్రంలోని కొన్ని వాక్యాల్లో చెప్పింది. ఆ తర్వాత ఎవరు చూసుకుంటారన్నది నవంబరు 12న ఒరాకిల్‌తో కలిసి ప్రకటించేదాకా తేలలేదు. ఆ మూడు వారాలూ మ్యాక్ మీద జావా రాసేవాళ్లు ఏమని బదులిచ్చి ఉంటారు తమ కస్టమర్లకు?

ఈ రోజు మైక్రోసాఫ్ట్, గూగుల్, ఒరాకిల్, ఆపిల్, అమెజాన్ అన్నిటికీ హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో పెద్ద కార్యాలయాలున్నాయి. వాటి జవాబు కోసం ఎదురుచూసే సర్వీసెస్ కంపెనీలు పక్క భవనాల్లోనే ఉన్నాయి. మనుషులూ అటూ ఇటూ మారుతుంటారు. నిన్న క్లయింట్ కాల్‌లో ‘ఇంకా తెలియదండీ’ అని నసిగినవాళ్లే నేడు విడుదల ప్రణాళికలు రాసే గదుల్లో కూర్చుంటున్నారు. అందుకే నేను ఆశపడుతున్నాను, అడుగుతున్నాను కూడా. అడిగేది పెద్దదేమీ కాదు. ఫలానా వర్షన్ మీద పని జరుగుతోందా లేదా, ఏ యంత్రాలను వదిలేస్తున్నారు, పాతదానికి భద్రతా సవరణలు ఎప్పటివరకు వస్తాయి. 2021లో మైక్రోసాఫ్ట్ మళ్లీ తన పేరుతో జావా పంచడం మొదలుపెట్టినప్పుడు, జావా 17కు కనీసం 2027 సెప్టెంబరు వరకు మద్దతు ఉంటుందని ముందే చెప్పింది. అలాంటి పట్టిక ప్రతి భాషకూ, ప్రతి ప్లాట్‌ఫామ్‌కూ ఉండాలి. అందులో ఏదో ఒక గడిలో రాయడానికి తేదీ లేకపోతే, దాన్ని ఖాళీగా వదలకుండా ‘ఇప్పట్లో ఉద్దేశం లేదు’ అని రాసి, ఆ మాట ఏ రోజున రాశారో పక్కనే వేయాలి.