నీడను ఏ పద్దులో రాయాలి?

నాగర్‌కర్నూల్‌లో కేసరి సముద్రం కట్ట మీద వేసవి పొద్దున ఆరింటికి మంచి సందడి ఉంటుంది. నడిచేవాళ్లు, నీళ్లకు ఎదురుగా కూర్చుని కబుర్లాడే పెద్దమనుషులు, సైకిళ్లతో పిల్లలు. తొమ్మిది దాటేసరికి కట్ట ఖాళీ అవుతుంది, మళ్లీ పొద్దు వాలితే గాని మనిషి కనిపించడు. చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైన 2015 తర్వాత నియోజకవర్గానికో చెరువును మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దాలని ప్రభుత్వం తలపెట్టింది. ఆ వరుసలో ఈ చెరువూ ఉంది, వనపర్తిలో నల్లచెరువూ ఉంది. కట్ట వెడల్పయింది, నడక బాట పడింది, దీపాలు వచ్చాయి. ఊరికి ఇది చిన్న మేలు కాదు. కాని ఉద్యానవనం అనదగింది ఏదైనా మిట్టమధ్యాహ్నం కూడా మనిషిని నిలుపుకోవాలి. పాలమూరు ఎండల్లో ఆ పని చేయగలిగింది నీడ ఒక్కటే.

కట్ట మీద చెట్లు ఎందుకు లేవని అడిగితే నీటిపారుదల ఇంజినీర్ల దగ్గర సరైన సమాధానమే ఉంది. పెద్ద వేళ్లు కట్టలోకి దిగితే, అవి చచ్చి కుళ్లాక ఆ సందుల్లోంచి నీరు ఊరుతుంది. ఊట పెరిగితే కట్ట తెగుతుంది. అందుకే మట్టికట్ట మీద మొలిచిన చెట్టును కొట్టేయడం వాళ్ల ఉద్యోగధర్మం. పార్కు కోరేవాళ్లకు నీడ కావాలి, చెరువు కాచేవాళ్లకు చెట్టు కూడదు. ఇలాంటి చోటే రూపకర్త పనికొస్తాడు. కట్ట మీద బాటను ఉదయానికి, సాయంత్రానికి వదిలేసి, కట్ట దిగువన వేళ్లు చేరనంత దూరంలో రెండో బాట వేయవచ్చు. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ దాదాపు నడినెత్తికి వస్తాడు, కాబట్టి ఆ వేళ నీడ కొమ్మల కిందే ఉంటుంది. నాలుగింటికి తూర్పుకు వాలుతుంది. అంటే చెట్ల వరుస బాటకు పడమటి పక్కన ఉండాలి, కొమ్మలు బాట మీదికి రావాలి. కాగితం మీద ఇది ఒక్క గీత. ఆ గీత గీసే మనిషిని ఎవరు, ఎప్పుడు, ఏ షరతుల మీద పనిలోకి తీసుకున్నారన్న దాని మీదే పార్కు భవిష్యత్తు నిలబడుతుందని నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఈ మూడు పట్టణాలు చూశాక నాకు అనిపించింది. గుత్తేదారు మంచివాడా చెడ్డవాడా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఏమిటి? ముందు డీపీఆర్, అంటే సమగ్ర ప్రాజెక్టు నివేదిక. దాన్ని తయారుచేసే కన్సల్టెంటును తక్కువ ధరకో, అంచనాలో ఇంత శాతం అన్న లెక్కకో ఎంచుకుంటారు. శాతం లెక్క అయితే అంచనా పెరిగినకొద్దీ అతని రుసుము పెరుగుతుంది. గ్రానైట్ బెంచీ, స్వాగత తోరణం, ఫౌంటెన్ అతనికి లాభం, వేప మొక్క నష్టం. ఆ తర్వాత ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక (ఎస్.ఎస్.ఆర్.) రేట్లు వేసి, టెక్నికల్ శాంక్షన్ తీసుకుని, టెండరు పిలుస్తారు. పని జరిగాక కొలతల పుస్తకం (ఎం.బి.) రికార్డు చేస్తారు. ప్రహరీ ఇన్ని మీటర్లు, పేవర్ బ్లాకులు ఇన్ని చదరపు మీటర్లు, మొక్కలు ఇన్ని. మొక్కకు లెక్క ఉంది, నీడకు లేదు. అయిదేళ్ల తర్వాత ఎంత మేర నీడ పడాలో రాసుకునే గడి ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. కొలవగలిగిందే బిల్లవుతుంది, బిల్లయ్యేదే కట్టబడుతుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ ఉండనక్కర్లేదు.

కోనోకార్పస్ సంగతి చూడండి. నిటారుగా పెరుగుతుంది, పశువు ముట్టదు, ఏడాది తిరక్కుండానే పచ్చగా కనిపించి ఫొటోకు నిలబడుతుంది. రాష్ట్రమంతటా డివైడర్ల మీదా పార్కుల్లోనూ బారులు బారులుగా నాటారు. పక్షికీ తేనెటీగకూ దానితో పెద్దగా పని లేదు, పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులని ఫిర్యాదులు వచ్చాయి, చివరికి 2022లో నర్సరీల్లో దాన్ని పెంచవద్దని తెలంగాణలో ఆదేశాలు వెళ్లాయి. ఆ మొక్కను ఎంచింది ఎవరని ఆరా తీస్తే ఒక్క పేరూ దొరకదు. నర్సరీలో ఉంది, రేటు కుదిరింది, నాటారు. పేరు పెట్టి సంతకం చేసిన రూపకర్త ఉంటే కనీసం జవాబు చెప్పాల్సినవాడు ఒకడుండేవాడు.

రూపకర్త కావాలన్న మాటకు మొదటి అభ్యంతరం వనపర్తిలోనే ఎదురవుతుంది. సంస్థానాధీశులు ఏ సంస్థను పెట్టుకుని ఇన్ని చెరువులు తవ్వించారు? వాళ్ల ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది, దానికి ఏ ల్యాండ్‌స్కేప్ కన్సల్టెంటు వచ్చాడు? ప్రశ్న బాగానే ఉంది గాని సాక్ష్యం ఎదురు చెబుతుంది. శ్రీరంగాపురం వెళ్లి చూస్తే రంగనాయకస్వామి గుడి, దాన్ని ఆనుకున్న రంగసముద్రం విడివిడిగా కట్టినట్టు ఉండవు. గోపురం నీళ్లలో కనిపించే చోటు, మెట్లు నీటికి దిగే చోటు, జనం గుమిగూడే చోటు ఒకదాన్నొకటి ఎరిగి ఉన్నాయి. ఆ రోజుల్లో రూపకర్త లేడనడం తప్పు. స్థపతి ఉన్నాడు, నేల వాలు కంటితో చదివి కట్ట ఎక్కడ వేయాలో, అలుగు ఎక్కడ విడవాలో చెప్పగల ఒడ్డెర మేస్త్రి ఉన్నాడు. దేశంలో ఎన్నో ఆనకట్టల మట్టి మోసిన పాలమూరు కూలీలకు ఆ చదువు తరాలుగా వచ్చింది. నిర్ణయించేవాడు, కట్టించేవాడు ఒకే చోట నిలబడి మాట్లాడుకునేవారు. ఇవాళ వాళ్లిద్దరి మధ్య టెండరు ఫారం నిలబడింది. రూపకర్తను పెట్టుకోవడమంటే పరాయి అలవాటును తెచ్చుకోవడం అనుకోనక్కర్లేదు. పోగొట్టుకున్న కుర్చీని మళ్లీ వేయడమే.

రెండో అభ్యంతరం ఇంకా బరువైంది. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో సంస్థ వస్తే ఏమిస్తుంది? కార్పెట్ లాన్, తాటి జాతి విదేశీ మొక్కలు, ఐ లవ్ అంటూ ఊరి పేరు పెట్టిన అక్షరాలు. గద్వాల రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి, అక్కడ లాన్ అంటే రోజూ ట్యాంకరు. మన అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ), మన నర్సరీ మాలి చాలరా? ఈ భయం నిజమే, అలాంటి పార్కులు ఏ జిల్లాలోనైనా దొరుకుతాయి. కాని ఆ సంస్థకు పని అప్పగించిన కాగితంలో ఏం రాశారో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ‘ఆకర్షణీయమైన పార్కు’ అని రాస్తే ఆకర్షణే వస్తుంది. మూడో ఏడు నుంచి నీళ్లు పోయకుండా బతికే చెట్లు కావాలి, చల్క నేలలో మూరెడు లోతున మొరం తగులుతుంది గనక గుంత కొలతలు, నింపే మట్టి విడిగా చూపాలి, బృందం మే నెలలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి స్థలం తిరగాలి అని రాస్తే సగం సంస్థలు దరఖాస్తే పెట్టవు. మిగిలినవాళ్లే మనకు కావలసినవాళ్లు. చెరువు నీళ్లు చూసుకునే నీరటికీ నర్సరీ పనివాళ్లకూ ఆ రోజుల కూలీ కట్టించి మరీ వాళ్ల మాట వినాలని షరతు పెట్టవచ్చు. మత్తడి ఏ ఏడు ఎంత మేర పారిందో శిఖం మ్యాపు కన్నా నీరటికే బాగా తెలుసు. ఏఈ విషయానికి వస్తే, ఒక మున్సిపాలిటీలో రోడ్లు, మోరీలు, నల్లాలు అతని నెత్తి మీదే ఉంటాయి. పార్కు గీయమని కూడా అడగడం అన్యాయం. అతను ప్రశ్నలు అడిగేవాడిగా ఉండాలి.

ఒక్క చెట్టే పార్కు కాగలదనడానికి సాక్ష్యం కూడా దగ్గర్లోనే ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి వయసు ఏడు వందల ఏళ్లని చెబుతారు. 2017 చివర్లో దాని కొమ్మ విరిగి పడింది, చెదలు పట్టిందని తేలింది. 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. మందు సంగతి అలా ఉంచితే, నేను గమనించమనేది మరొకటి. ఊడలు నేలకు దిగాలంటే కింద మెత్తటి మట్టి ఉండాలి. జనం తొక్కి గట్టిపరిచిన చోట, సిమెంటు పోసిన చోట ఊడ వేరూనదు. చెట్టు చుట్టూ మనిషి ఎక్కడి దాకా రావచ్చో గీసే గీత అలంకారం కాదు, అది చెట్టుకు ప్రాణం.

ఇక డబ్బు. రెండు కోట్ల పార్కు అనుకుందాం, రూపకర్త రుసుము అందులో అయిదు శాతం వేసుకుంటే పది లక్షలు. పది లక్షలు కాగితానికా అని కౌన్సిల్లో ఎవరో ఒకరు లేస్తారు. అదే సమావేశంలో ఫౌంటెన్‌కు ఎవరూ లేవరు, అది కంటికి కనిపిస్తుంది కదా! తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలి, నాటిన మొక్కల్లో ఎనభై అయిదు శాతం బతకాలి. 2021లో మొదలైన అమృత్ 2.0 కింద చెరువులకూ పార్కులకూ కేంద్రం సొమ్ము కేటాయించింది. కాబట్టి కొరత డబ్బుకు కాదు. ఆడిట్ భయం మాటేమిటి? తక్కువ కోట్ చేసినవాడికి ఇవ్వకపోతే పేరా పడుతుందని కమిషనర్లు అంటారు. కంకర కొనడానికి ఆ నియమం సరైనదే. మేధోశ్రమ కొనడానికి కేంద్ర ఆర్థిక నియమావళి, 2017 వేరే దారి ఇచ్చింది. కన్సల్టెన్సీ సేవల్లో నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేయవచ్చు, నాణ్యత వాటా ఎనభై శాతం దాకా ఉండవచ్చు. పార్కు బొమ్మను అచ్చంగా ధర చూసి కొనడం ఏ నియమమూ నిర్బంధించిన పని కాదు, అలవాటు చేసుకున్న పని.

గద్వాలలో కొత్త ఉద్యానవనం అంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఎవరికి అన్నది. పగలంతా గుంత మగ్గంలో కాళ్లు ఆడిస్తూ, పోగు పోగూ చూస్తూ కూర్చునే నేతగాడికి సాయంత్రం కావలసింది వ్యాయామ యంత్రాలు కాదు. నడుము వాల్చే అరుగు, కళ్లకు దూరపు చూపు. మట్టికోట లోపల చెన్నకేశవుడి గుడి, కళాశాల ఉన్నాయి, రోజూ వందలమంది ఆడపిల్లలు అటు వచ్చిపోతారు. వాళ్లు భయం లేకుండా కూర్చోవాలంటే నాలుగు వైపులా చూపు ఆనాలి, మరుగుదొడ్డికి నీళ్లుండాలి. ఇవన్నీ ముందే రాసిస్తేనే రూపకర్త బుర్ర పనిచేస్తుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు పోటీ పెట్టినప్పుడు పార్కుకు అడ్డంగా నాలుగు రోడ్లు పోవాలన్న షరతు ఉంది. వచ్చిన నమూనాలు 33. 1858లో గెలిచిన ఓమ్‌స్టెడ్, వాక్స్ ఆ రోడ్లను నేల మట్టానికి కిందికి దించి, పైన పచ్చిక తెగకుండా నిలిపారు. షరతు గట్టిది కావడం వల్లే ఆ ఉపాయం పుట్టింది. గెలిచాక వాళ్లను బొమ్మ ఇచ్చి ఇంటికి పొమ్మనలేదు, కట్టించే పనిలో కూడా పెట్టుకున్నారు.

మన దగ్గర తెగేది అక్కడే. డీపీఆర్ అందగానే కన్సల్టెంటు చివరి బిల్లు పాసవుతుంది, అతను పార్కు మొహం మళ్లీ చూడడు. గుత్తేదారు కానుగ బదులు చేతికి దొరికింది నాటినా, గుంత సగమే తవ్వినా పట్టించుకునే కన్ను లేదు. కాబట్టి రుసుములో మూడో వంతయినా వెనక్కి పట్టి, నాటిన తర్వాత మూడో మే నెల దాటాక, బతికిన చెట్లూ పడుతున్న నీడా కొలిచి ఇవ్వాలి. ఎన్నికల లోపు రిబ్బను కత్తిరించాలి, మూడేళ్లు ఎవరు ఆగుతారని రాజకీయ నాయకులు అంటారు. రిబ్బనుకు ఎవరూ అడ్డు రారు. బాట, దీపాలు, అరుగులు ఏడాదిలో పూర్తవుతాయి, వాటికి శిలాఫలకం వేసుకోవచ్చు. ఆగేది రూపకర్త చివరి వాయిదా మాత్రమే, అది కౌన్సిల్ మారినా ఒప్పందం ప్రకారం నిలుస్తుంది. ఈ ఒక్క షరతు రాసిన టెండరు నోటీసు ఈ మూడు పట్టణాల్లో ఏది ముందు వేసినా, దరఖాస్తు పెట్టే సంస్థల జాబితా అప్పుడే మారడం మొదలవుతుంది.