అత్తయ్యతో అరకు

విశాఖపట్నం చుట్టుపక్కల వాళ్లకి అరకు అంటే చుట్టాలొచ్చినప్పుడు తీసుకెళ్లే ఊరు. హైదరాబాదు నుంచి తోటికోడలి పిల్లలొచ్చినా, పెళ్లికని బెంగళూరు నుంచి ఎవరొచ్చినా, రెండో రోజు పొద్దున్నే అరకు రైలెక్కించాల్సిందే. పద్మాపురం తోట, మ్యూజియం, బొర్రా గుహలు, బొంగులో చికెన్, ఒక పొట్లం కాఫీ పొడి, రాత్రికి ఇల్లు. అలా నేనే ఓ అరడజను సార్లు వెళ్లుంటాను. మా అత్తయ్య మాత్రం ఎప్పుడూ రాలేదు. "నేను రాన్లే, మీరెళ్లండి" అని తలుపు దగ్గర నిలబడి సాగనంపేది.

మోకాళ్ల నొప్పులని మేం అనుకునేవాళ్లం గానీ అసలు సంగతి అది కాదు. మా మావయ్య కుర్రతనంలో కొత్తవలస – కిరండూల్ రైలు లైను వేస్తున్నప్పుడు ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీల లెక్కలు రాసేవారు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపానుకి ఎగుమతి చెయ్యడానికి 1960ల్లో వేసిన లైను అది. ఆ కొండల్ని తొలిచి 58 సొరంగాలు తవ్వారు. మావయ్య వాళ్ల డేరాలు చిమిడిపల్లి వైపు ఉండేవట. పెళ్లయిన ఏడాదే ఆయన మన్యం జ్వరంతో ఇంటికొచ్చారు. ఇప్పుడు మనం మలేరియా అంటున్నదే అప్పటివాళ్లకి మన్యం జ్వరం. పదిహేడేళ్ల కొత్త పెళ్లికూతురు మా అత్తయ్య. వణుకుతున్న మనిషి మీద ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పి, చాలక తనే మీద పడి పట్టుకునేదట. ఆయన మళ్లీ ఆ పనికి వెళ్లలేదు గానీ జ్వరం కొన్నేళ్ల పాటు తిరగబెడుతూనే ఉండేది. "ఆ కొండలు మనిషిని సగం తినీసి పంపినాయి" అంటుంది ఇప్పటికీ. అలాంటిచోటికి పులిహోర కట్టుకుని షికారు వెళ్లడమేమిటని ఆవిడ బాధ.

మొన్న మార్గశిరంలో మా అమ్మాయి అడిగితే మాత్రం కాదనలేకపోయింది. దానికి పుణెలో ఉద్యోగం వచ్చింది, వెళ్లడానికి పది రోజులుంది. "నానమ్మ వస్తేనే వెళ్దాం, లేకపోతే వద్దు" అని మంచం మీద కూర్చుంది. డెబ్బయ్యారేళ్ల మనిషి, కాసేపు చూసి, "స్వెట్టరు తీయించండయితే" అంది.

రైలు విశాఖలో ఏడు లోపే బయల్దేరుతుంది. 2017లో మొదలుపెట్టిన అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, బాగానే ఉంటుంది గానీ టిక్కెట్లు ముందుగా చూసుకోవాలి. నన్నడిగితే మామూలు పెట్టెలో కిటికీ పక్క సీటే నయం. అడవి వాసన అద్దంలోంచి రాదు కదా. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా ఒకటే కేకలు. మా అత్తయ్య మాత్రం వేలి కణుపుల మీద లెక్కపెట్టుకుంటోంది. ఏదో జపం చేస్తోందనుకుని మా ఆయన పలకరించలేదు. చిమిడిపల్లిలో బండి ఆగింది. కిటికీ చువ్వలు పట్టుకుని చూసింది. చిన్న ప్లాట్‌ఫారం, అవతల లోయ, ఇవతల కొండ. "ఇదేనా?" అంది. "ఇదేనమ్మా" అన్నారు మా ఆయన. ఇంకేం అనలేదు. ఆ తర్వాత లెక్క కూడా మానేసింది.

శిమిలిగుడ స్టేషన్లో 996 మీటర్ల ఎత్తని రాసిన బోర్డు ఉంటుంది. కశ్మీరు లైను రాకముందు దేశంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న బ్రాడ్‌గేజి స్టేషను ఇదే. అది దాటాక కొండలు కాస్త పక్కకి జరిగి, అరకు లోయ పళ్లెంలా తెరుచుకుంటుంది. ఆ నెలలో వెళ్తే వలిసె పూలు చూడాల్సిందే. ఎటు చూసినా పసుపు ఆరబోసినట్టు ఉంటాయి చేలు. అందరూ గట్టుకి డబ్బులిచ్చి అందులో నిలబడి ఫొటోలు తీయించుకుంటారు, మేమూ తీయించుకున్నాం. అత్తయ్య పువ్వొకటి తుంపి నలిపి చూసి, "నూనె గింజ ఇది, తొక్కకండి" అని మమ్మల్ని గట్టు మీదకి తోలేసింది.

పద్మాపురం తోట గురించి ఎక్కువ రాయను. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకి కూరగాయలు పండించడానికి 1942లో మొదలైందన్న ఒక్క సంగతీ తెలుసుకుంటే చాలు. మిగతాదంతా బొమ్మ రైలు, గులాబీలు. సంత దొరికితే మాత్రం వదులుకోకండి. కొండ చీపుర్లు, పిప్పళ్లు, అడ్డాకులు, అల్లం, పసుపు కొమ్ములు, రాజ్మా, చోళ్లు నేల మీద కుప్పలు పోసుకుని కూర్చుంటారు. మా ఊళ్లో షాపుల్లో నోరెత్తకుండా ఇచ్చే మనం అక్కడ చీపురు దగ్గర పది రూపాయలకి బేరమాడతాం. మా అత్తయ్య ఆడలేదు. అడిగినంతా ఇచ్చి రెండు చీపుర్లు, సోలెడు సామలు తీసుకుంది.

సాయంత్రం మేం దిగినచోట థింసా ఆడారు. పది, పన్నెండు మంది ఆడవాళ్లు వెనక నుంచి చేతులు పెనవేసుకుని, పాములా మెలికలు తిరుగుతూ ఆడే ఆట. అసలైతే చైత్రంలో వచ్చే ఇటుకల పండగలాంటి రోజుల్లో ఊరంతా ఆడతారు. మాలాంటి వాళ్ల కోసం రోజూ ఏడున్నరకి ఆడాల్సొస్తోంది. మా అమ్మాయీ వెళ్లి కలిసింది, అడుగు తప్పుతూనే ఆడింది. అయిపోయాక ఆ వరసలో చివరావిడ మెట్టు మీద కూలబడి కాళ్లు నొక్కుకుంటుంటే అత్తయ్య వెళ్లి పక్కన కూర్చుంది. పొద్దుటి నుంచీ కాఫీ పళ్లు కోసి వచ్చిందట. మోకాళ్ల గురించే మాట్లాడుకుని ఉంటారు, ఇద్దరూ వాటినే తడుముకుంటున్నారు.

రెండో రోజు తిరుగు ప్రయాణం కారులో పెట్టుకున్నాం, దారిలో కాఫీ తోటలు, గాలికొండ, బొర్రా చూడొచ్చని. డ్రైవరు అరకు కుర్రాడే. ఇంట్లో ఆదివాసీ ఒరియా, మాతో తెలుగు. అనంతగిరి తోటల్లో ఆపి చూపించాడు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగ. ఎర్రబడ్డ పళ్లని ఒక్కొక్కటే ఏరి కోస్తారు. ఈ అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు కాఫీ దుకాణం కూడా తెరిచారు.

ఆ చల్లదనం చూసి మా ఆయనకి ఆశ పుట్టింది. "ఇక్కడ చిన్న స్థలం కొనుక్కుంటే..." అన్నారు. డ్రైవరు అద్దంలోంచి నవ్వాడు. "మీకు రాదు సార్. 1/70 ఉంది కదా." ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదకి మారకూడదన్న చట్టం అది. ఈ బొర్రా పంచాయతీలో గనుల లీజుల మీద నడిచిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమైనా సరే ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని చెప్పింది. మా ఆయన స్థలం మాట అక్కడితో ఆగింది. నాకు సంతోషమే వేసింది.

అప్పుడు నోరువిప్పింది అత్తయ్య. "ఏం బాబూ, ఇప్పుడూ జ్వరాలొస్తాయా ఇక్కడ?"

"తగ్గాయమ్మా. వానాకాలం వస్తాయి."

"మా ఆయన ఇక్కడి నుంచే తెచ్చుకున్నారు. ఆ వెంటనే వచ్చీసేరు కాబట్టి బతికేరు."

ఆ కుర్రాడు మలుపు తిప్పుతూ మామూలుగానే అన్నాడు. "మాకూ వచ్చేవే కదమ్మా. మా నాన్న చెల్లెళ్లు ఇద్దరు అలాగే పోయారు. మేం ఎక్కడికి వచ్చేస్తాం?"

అత్తయ్య గాలికొండ దాకా మాట్లాడలేదు. అక్కడ దిగాక తన సంచిలో ఉన్న సున్నుండల డబ్బా మొత్తం ఆ కుర్రాడి చేతిలో పెట్టింది. మా అమ్మాయికి పుణె కోసం చేసినవవి. మళ్లీ చేస్తాలే అంది.

బొర్రాలో కోతులున్నాయి, చేతిలో తినేవి పెట్టుకోకండి. లోపలికి బోలెడు మెట్లు, చెమ్మకి జారతాయి. "నువ్వు దిగలేవమ్మా, ఇక్కడే కూర్చో" అన్నారు మా ఆయన. "నేను కూర్చోడానికి రాలేదు" అని మనవరాలి భుజం పట్టుకుని దిగింది. సున్నపురాయిలోంచి వేల ఏళ్లుగా ఒక్కో బొట్టూ కారి, పైనుంచి కిందకీ కింద నుంచి పైకీ పేరుకున్న రాయి. అక్కడి గైడు టార్చి వేసి ఇది శివపార్వతులు, ఇది రుషి గడ్డం, ఇది మొసలి అని చూపిస్తాడు. నాకు మొసలి ఎప్పుడూ కనపడదు. గోస్తనీ నది ఇక్కడే పుడుతుంది. గోస్తని అంటే ఆవు పొదుగు. పైన మేస్తూ కన్నంలో పడిపోయిన ఆవు కోసం వెతుకుతూ ఈ గుహల్ని కనుక్కున్నారని కథ. పొదుగులా వేలాడే ఆ రాయిని చూస్తే ఎవరు పెట్టారో గానీ పేరు భలే పెట్టారనిపిస్తుంది.

అత్తయ్య గైడుని ఒకటే అడిగింది. "రైలు దీని పైనుంచే వెళ్తాదా?"

"అవునమ్మా, సరిగ్గా మన నెత్తి మీదే."

తల పైకెత్తి నిలబడింది. బొట్టొకటి నుదుటి మీద పడింది, తుడుచుకోలేదు. బండి ఏమన్నా వస్తుందేమోనని పది నిమిషాలు ఆగాం. రాలేదు. వెనక జనం తోసుకొస్తుంటే పైకెక్కేశాం.

బయట అంగడిలో అలసంద వడలు తింటుంటే వినపడింది, ఇనుప ఖనిజం గూడ్సు. చెట్ల సందుల్లోంచి పెట్టెలు కొంచెం కొంచెం కనపడుతున్నాయి. ఆకు పక్కన పెట్టి లేచి నిలబడింది. మళ్లీ వేళ్ల కణుపుల మీద లెక్క. ముప్ఫయి దాటాక లెక్క తప్పినట్టుంది. "పొడుగ్గానే ఉంది" అని కూర్చుని, "టీ చెప్పవే అమ్మాయ్" అంది నాతో.