మన కాళ్లక్రింది బండ

గృహిణి దినమునకుఁ బలుమాఱు తుడిచెడు నేలను గూర్చి యాలోచించుట యరుదు. వికారాబాదు, తాండూరు ప్రాంతములలోఁ బెక్కిండ్ల నేల తాండూరు బండయే. ఆ బండ పుట్టుక నెఱిఁగినచో, భూగోళవిద్య పాఠశాల గోడలకే పరిమితము కాదని సోదరీమణులకుఁ దోఁపఁగలదు.

వికారాబాదు చెంత, అనంతపద్మనాభస్వామి వెలసిన అనంతగిరి కొండలు గలవు. ఇవి సున్నపురాతివి కావు. సుమారు ఆఱున్నర కోట్ల యేండ్ల క్రిందట భూమి చీలికలనుండి పాఱిన లావా గడ్డకట్టగా నేర్పడిన నల్లరాతివి. ఇచ్చటఁ బుట్టిన మూసీ తూర్పునకుఁ బోయి, హైదరాబాదును దాఁటి, వాడపల్లి యొద్దఁ గృష్ణను జేరును. కాగ్నా పడమటికి, తాండూరు మీఁదుగాఁ బోయి భీమానదిలోఁ గలియును. ఆ భీమయుఁ దుదకుఁ గృష్ణలోనే కలియును. ఒకే పుట్టినింటి యాఁడుపడుచు లిద్దఱు వేర్వేఱు దారులఁ బోయి, యొకే యింటఁ దోడికోడండ్రైనట్లున్నది.

తాండూరున రాయి మాఱును. అది యా లావాకంటె నెన్నో రెట్లు ప్రాచీనము. సముద్రగర్భమునఁ బేరిన సున్నపు బురద గట్టిపడినది. పొరలు పొరలుగాఁ బేరుటచేతనే, ఉలి పెట్టి కొట్టినంతనే పలకలుగా విడివడును. నీలివి, పసుపువన్నెవి యని రెండు తీరులు. పొరుగున కర్ణాటకములోని షాబాదు బండయు నీ జాతిదే. తాండూరు చుట్టు సిమెంటు కర్మాగారములు వెలయుటకును నీ రాయియే కారణము. ఈ సీమలోఁ బండెడు తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది.

రాతి స్వభావమును వంటయింటనే పరీక్షింపవచ్చును. బండపొడిపై నిమ్మరసము పోసినచో సన్నని నురుగు వచ్చును, నల్లరాతిపొడిపై రాదు. కావుననే చింతపండు పులుసు గాని, నిమ్మరసము గాని, మరుగుదొడ్లు కడుగు యాసిడు గాని నేలపై నొలికినచో వెంటనే నీటితోఁ గడుగవలెను. లేనిచో మెఱుఁగు చెడి తెల్లని మచ్చ నిలుచును.

పాతబండలు పెఱికించి తళతళలాడు పలకలు వేయింపవలెనని మా యింట మాట వచ్చినపుడు నేను సమ్మతింపనైతిని. గనుల చెంత విఱిగిన ముక్కలు గుట్టలుగాఁ బడియున్నవి. త్రవ్విన గోతులు మరల సులభముగాఁ జేలు కానేరవు. కోఁతపనిలో లేచు రాతిదుమ్ము కూలివారి యూపిరితిత్తులఁ జేరును. ఇందఱి కష్టమున వచ్చిన బండ, యరుగక మునుపే చెత్తయగుట న్యాయముగాఁ దోఁపలేదు. సందులకు మాత్రము సిమెంటు పూయించితిమి. రెండు పగిలినవి మార్పించితిమి. క్రొత్తయిల్లు కట్టు సోదరీమణులు పెరటికిని, మొక్కల పాదులకును విఱిగిన ముక్కలనే యడిగి తెప్పించుకొందురు గాక. వ్యయమును దగ్గును, గుట్టయుఁ గొంత తఱుఁగును.