బండి నడుపుతున్నది ఎవరి కాలు?

నాగోల్ టెస్టు ట్రాక్ చుట్టుపక్కల కాలనీల్లో తెల్లవారితే ఎల్ బోర్డు కార్లే కనిపిస్తాయి. అక్కడ ఒక డ్రైవింగ్ స్కూలు చూడడానికి మా అన్నయ్య కూతురిని తీసుకుని వెళ్లాను. తను అప్పటికే ఇంటి దగ్గర వేరే స్కూల్లో నేర్చుకుంటోంది. అక్కడి మాస్టారి మీద తనకు ఏ ఫిర్యాదూ లేదు. కోప్పడడు, ఫోను చూడడు, చెప్పిన వేళకు వస్తాడు. ఆయన పక్కనుంటే బండి ఒక్కసారి కూడా ఆగిపోదు. ఆదివారం వాళ్ల నాన్న కారు తను తీస్తే మాత్రం గేటు దాటకముందే ఇంజన్ ఆఫ్. "సార్ చాలా మంచోడత్తా, ఏమని చెప్పి మారాలి?" అన్నదే తన బాధ.

స్కూలంటే ఒక షట్టరు గది. గోడకు రోడ్డు గుర్తుల చార్టు, దాని పక్కన ఫ్రేము కట్టిన లైసెన్సు, నేర్పేవాళ్ల పేర్లు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) ప్రకారం లైసెన్సు, పేర్లు అందరికీ కనిపించేలా పెట్టాల్సిందే. నేర్పేవాళ్లు పదో తరగతి పాసై ఉండాలి, అయిదేళ్లు బండి నడిపి ఉండాలి, మోటారు మెకానిక్ కోర్సు సర్టిఫికెట్ కూడా ఉండాలి. చేరేముందు ఆ గోడ చూసేవాళ్లు ఎంతమంది? నేను రిజిస్టరు అడిగితే నిర్వాహకుడు అభ్యంతరం చెప్పకుండా ఫారం 15 తీసి ముందు పెట్టాడు. ఎవరు, ఏ రోజు, ఎంతసేపు నడిపారో అందులో ఉంటుంది. కారు నేర్చుకునేవాళ్లకు శిక్షణ 21 రోజులకు, స్వయంగా నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదని నిబంధన. మన దగ్గర చాలా స్కూళ్లు గంటలు చెప్పవు, రోజుకు అయిదు కిలోమీటర్లంటాయి. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద అయిదు కిలోమీటర్లు పదిహేను నిమిషాల్లో అయిపోతాయి.

అసలు చూడాల్సింది బండిలోనే ఉంది. నేర్పేది యాభై ఏళ్లావిడ. నేర్చుకుంటున్నది ఒక బ్యాంకు ఉద్యోగిని. ఇద్దరినీ అడిగి మేం వెనక సీట్లో కూర్చున్నాం. స్కూలు కార్లలో ఎడమ సీటు ముందు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. నడిపేవాళ్ల పెడళ్లకు కలిపి ఉంటాయి కాబట్టి ఇటు నొక్కితే అటు కూడా దిగుతుంది. "కొత్తలో వాళ్లకు తెలవదు, తామే నొక్కినమనుకుంటరు" అన్నారావిడ. ఆవిడ కాళ్లు పెడళ్లకు దగ్గరగానే ఉన్నాయి, వాటి మీద లేవు.

కాలనీ చివర ఎత్తు మీద బండి ఆగిపోయింది. వెనక ఆటో హారన్ మోత. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ఆగింది. ఆవిడ కాలు కదపలేదు. "పరేషాన్ కాకండి మేడం. హ్యాండ్ బ్రేక్ వెయ్యండి. న్యూట్రల్ చేసి స్టార్ట్ చెయ్యండి. ఫస్ట్ గేరు. క్లచ్ మెల్లగ వదలండి... బండి వణికింది కదా, అక్కడే ఆపండి. కొంచెం రేస్ ఇచ్చి ఇప్పుడు హ్యాండ్ బ్రేక్ దించండి." బండి ఎత్తు ఎక్కింది. కాసేపటికి సందులోంచి ఒక స్కూటర్ అడ్డంగా దూసుకొచ్చింది. ఈసారి ఆవిడ బ్రేకు కొట్టారు. బండి పక్కకు తీయించి, "ఇప్పుడు బ్రేకు కొట్టింది నేను, మీరు గాదు. సందు దగ్గరికి రాకముందే మీరేం చూడాలె?" అని అడిగారు. జవాబు వచ్చేదాకా బండి కదలనివ్వలేదు.

మా అమ్మాయి నా వైపు తిరిగి, "మా సార్ నొక్కినప్పుడు ఎప్పుడూ చెప్పలేదత్తా" అంది.

నన్నడిగితే నేర్పేవాళ్లను మార్చాలా వద్దా అన్నదానికి గీటురాయి ఇదే. తిట్టే మాస్టారు చెడ్డవాడని ఎవరైనా చెబుతారు. మన బదులు తానే క్లచ్ తొక్కి, మనకు వచ్చేసిందన్న నమ్మకం కలిగించే మంచి మాస్టారితో వచ్చే నష్టం పైకి కనిపించదు. ఎత్తులు ఎక్కిస్తున్నాడని, ట్రాఫిక్‌లోకి దించుతున్నాడని భయపడి మారేవాళ్లను చూశాను. అది సరైన కారణం కాదు. అవసరం లేకుండా చెయ్యి పట్టుకుని గేరు వేయించేవాడి దగ్గర, తాగి వచ్చేవాడి దగ్గర మాత్రం ఆ రోజే దిగిపోవాలి. అక్కడ మొహమాటానికి చోటు లేదు.

మేం వెంటనే చేరతామంటే ఆవిడే వద్దన్నారు. "ముందు మీ సార్‌నే అడుగమ్మా. ఒక్కరోజు కాళ్లు తీసి కూసోమను. కూసుంటే మారే పనే లేదు." ఆ సలహా నాకెంతో నచ్చింది. మర్నాడు మా అమ్మాయి అడిగింది. ఆయన సరేనన్నాడట, బండి ఒకసారి ఆగిపోగానే కాలు మళ్లీ పెడల్ మీదికి వచ్చేసిందట. ఖాళీ గ్రౌండుకు తీసుకెళ్లమంటే టైము లేదన్నాడట. తను ఇప్పుడు నాగోల్‌లో నేర్చుకుంటోంది.

మారడానికి చట్టం ఏమీ అడ్డు రాదు. ఎల్ఎల్ఆర్ (లెర్నర్స్ లైసెన్సు) మన పేరు మీద ఉంటుంది, స్కూలు పేరు మీద కాదు. దాని గడువు ఆరు నెలలు. తీసుకున్న 30 రోజుల తర్వాత టెస్టుకు వెళ్లవచ్చు కాబట్టి తొందరపడాల్సిన పనీ లేదు. అడ్డు వచ్చేది డబ్బే. మా అమ్మాయి ముందే కట్టిన ఫీజులో ఒక్క రూపాయి కూడా తిరిగి రాలేదు. కొత్తగా చేరేవాళ్లు ఒకేసారి మొత్తం కట్టకండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రసీదు మీద రాయించుకోండి.