గాలాడే పెట్టె

మా పాత ఇంటి వంటింట్లో ఒక జాలీ బీరువా ఉండేది. ఈ కాలం పిల్లలు చూసి ఉండరు గాబట్టి చెప్తాము. నాలుగు కాళ్ల కొయ్య బీరువా. మూడు పక్కలా సన్నటి ఇనప జాలీ, వెనకపక్క పలకలు, పలకకూ పలకకూ నడుమ వేలు దూరనంత సందు. చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నాలుగు నీళ్ల గిన్నెలు. పాలు, పెరుగు, రాత్రి మిగిలిన కూర, పండగ మురుకులు అన్నీ దాంట్లోనే. తాత తన చేత్తో చేసింది.

ఒకసారి వంటింట్లో చోటు చాలలేదని చిన్నాయన దాన్ని గోడకు ఆనించి పెట్టినాడు. రెండు రోజులకే కూర పులిసింది, మురుకులకు ముక్క వాసన పట్టింది. అవ్వ ఒక్కతే దాన్ని మళ్లీ జానెడు ముందుకు లాక్కొని, "గాలి వచ్చేకి దారి ఉంటే సరా? పోయేకి వద్దా?" అని కసిరింది. ఆ బీరువా ఇప్పుడు మా వర్క్‌షాపులో ఉంది. డ్రిల్ బిట్లు పెట్టుకున్నాము. జాలీ ఇంకా గట్టిగానే ఉంది.

పోయిన సంక్రాంతికి వచ్చినవాళ్లంతా మా కారులో సీట్ల నడుమ ఉండే పెట్టెను చూసి అడిగినారు. అది ఏమి, ఎందుకు, ఎక్కడ దొరుకుతుంది అని. ఎక్కడా దొరకదు. మేము ముగ్గురం, అంటే అక్కా, మేమిద్దరు అన్నదమ్ములమూ, నాయనతో కలిసి చేసినాము. చెయ్యవలసి వచ్చింది అనడమే సరి.

నాలుగేళ్ల కిందట మే నెల. కారు కొని కొన్ని నెలలే. అమ్మిన పిల్లవాడు ముందు డబ్బా తెరిచి, "ఇది చల్లటి డబ్బా సార్, చాక్లెట్ పెట్టినా కరగదు" అన్నాడు. నాయనకు ఆ మాట బాగా పట్టుకుంది. అవ్వకు అప్పటికి పదేళ్లుగా ఇన్సులిన్. ఆ నెలంతా పెళ్లిళ్లు. పల్లడం, ఉడుమలపేట, పొళ్లాచ్చి అని తిరుగుళ్లు. పెన్ను ఇంటికీ కారుకీ మోయడం ఎందుకని నాయన దాన్ని ఆ డబ్బాలోనే పెట్టేసినాడు. మేమూ చూసినాము, ఏమీ అనలేదు. చల్లటి డబ్బా గదా.

పెళ్లిళ్లు ముగిసినాక తిరుపతికి బయలుదేరినాము. కోయంబత్తూరు నుంచి సేలం, ధర్మపురి, కృష్ణగిరి, వేలూరు, చిత్తూరు మీదుగా సుమారు ఐదు వందల కిలోమీటర్లు. కృష్ణగిరిలో చుట్టాలింట దిగితే, "మామిడిపండ్ల కాలంలో వచ్చి భోంచెయ్యకుండా పోతారా" అని కూర్చోబెట్టినారు. మూడు గంటలు అయింది. కారు వాకిట్లో నడి ఎండలో ఉండింది.

తిరుపతిలో మరుసటి పొద్దున అవ్వ నోరు ఎండిపోతుందని చెంబులు చెంబులు నీళ్లు తాగింది. మధ్యాహ్నానికి కళ్లు తెరవలేక పడుకుంది. చూస్తే షుగర్ నాలుగు వందలకు దగ్గర. వేసుకోవలసినంత వేసుకుంటూనే ఉండింది. డాక్టరమ్మ ఒకటే ప్రశ్న అడిగింది: "మందు ఎక్కడ పెట్టినారు?"

"కారులో. చల్లటి డబ్బాలో," అన్నాడు నాయన.

"కారు నిలిపినప్పుడు కూడా చల్లగానే ఉంటుందా?"

నాయన బదులు చెప్పలేదు. కొత్త పెన్నుతో రెండు రోజుల్లో అవ్వ తేరుకుంది. కొండ ఎక్కలేదు. కిందనుంచే మొక్కి వచ్చేసినాము. దారి పొడుగునా నాయన మాట్లాడలేదు. అవ్వే, "నాకేమయింది ఇప్పుడు, బతికే ఉండాను గదా" అని రెండు మూడు సార్లు అనె.

మా ఇంట్లో మగవాళ్లకు మనసు బాగా లేకపోతే లేత్ దగ్గరికి పోతారు. నాయన ఆ రాత్రి వర్క్‌షాపుకు పోయి, కారును లోపలికి తోలి, ముందు డబ్బా ఊడదీసినాడు. మేము పోయేసరికి విడి భాగాలు నేల మీద పరిచి ఉండినాయి.

చల్లటి డబ్బా అనేదాంట్లో ఉండేది ఇంతే. డాష్‌బోర్డు లోపల ఏసీ గాలిని చల్లబరిచే భాగం నుంచి వేలెడు లావు గొట్టం ఒకటి డబ్బాలోకి వస్తుంది. దాని మూతికి చిన్న మూత, తిప్పేకి ఒక గుండీ. మా కారులో ఆ గుండీ మూసినట్టే ఉంది. కొన్ననాటి నుంచి ఎవరూ తిప్పలేదు. తెరిచి ఉన్నా, ఏసీ ఆడేంత సేపే గాలి. ఇంజను ఆపితే అది మామూలు మూత డబ్బా. ఎండలో ఆ డబ్బా పొయ్యి అవుతుంది. అమెరికాలో అరిజోనా ఎండల్లో కార్లు నిలిపి కొలిచిన పరిశీలన ఒకటి 2018లో వచ్చింది. ఎండలో గంట నిలిపితే కారు లోపలి గాలి సగటున 47 డిగ్రీలు, డాష్‌బోర్డు పైభాగం 69 డిగ్రీలు. నీడలో నిలిపినా గాలి 38కి పోయింది. ఇన్సులిన్ సంగతి చూస్తే, తెరవని పెన్ను ఫ్రిడ్జిలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల. వాడుతున్న పెన్నును చాలా రకాలకు 30 డిగ్రీలు దాటని చోట సుమారు నాలుగు వారాలు పెట్టుకోవచ్చు. చెడిపోయినా చూసేకి నీళ్లలాగా తేటగానే ఉండొచ్చు. అదే మోసం.

మాది ప్లాస్టిక్ సామాన్లకు మోల్డులు చేసే చిన్న వర్క్‌షాపు. జి.డి. నాయుడుగారి ఊళ్లో ప్రతి తెలుగింట్లోనూ ఒకరైనా ఏదో ఒక మిషను విప్పి చూసినవాళ్లు ఉంటారు. మళ్లీ బిగించినవాళ్లు తక్కువ. మేము రెండో రకంలో చేరాలని పూనుకున్నాము. డాష్‌బోర్డు జోలికి పోకూడదని మొదటనే అనుకున్నాము. ఎయిర్‌బ్యాగూ, వైర్లూ ఉండే చోట తొలిచే పని మనది కాదు. ముందు సీట్ల నడుమ, చేతులు ఆనించుకునే చోట, వెనక సీటుకు గాలి పోయే గొట్టం ఎట్లాగూ ఉంది. దాని పక్కన పెట్టె.

తమ్ముడు త్రీడీ ప్రింటర్‌లో పెట్టె అచ్చు తీసినాడు. అందరూ వాడే పీఎల్ఏ తీగ. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుందని వాడికి తెలుసు, పరీక్షకేగదా అనుకున్నాడు. ఒక మధ్యాహ్నం ఎండలో నిలిపితే మూత వంగి లోపలికి కుంగింది. అవ్వ చూసి, "నూనెలో వేసిన అప్పళం మాదిరి ఉందే" అనె. తర్వాత ఏబీఎస్‌లో తీసినాము, అది వంద డిగ్రీల దగ్గరదాకా నిలుస్తుంది.

రెండోది ఇంకా సిగ్గు. గొట్టం పెట్టినాము, గాలి వచ్చే రంధ్రం పెట్టినాము, ఏసీ పెట్టి చూస్తే లోపల చల్లదనమే లేదు. ఇంకా లావు గొట్టం కావాలని ఒకరు, ఫ్యాన్ పెట్టాలని ఒకరు. అక్క ఊదుబత్తి వెలిగించి రంధ్రం దగ్గర పట్టింది. పొగ మూతి దగ్గర సుళ్లు తిరిగి పక్కకు పోయింది, లోపలికి పోలేదు. మూత బిగువుగా కూర్చోవాలని చుట్టూ రబ్బరు వేసిందీ మేమే. నిండిన కుండలో నీళ్లు పోసినట్టు. అవ్వ అప్పుడు అక్కడ లేదు. ఉండి ఉంటే ఏమనేదో మా ముగ్గురికీ ఒకేసారి తట్టింది. కింద ఒక మూల గాలి వచ్చేకి, దానికి ఎదురు మూల పైన పోయేకి, పోయే దారి వచ్చే దారికన్నా వెడల్పుగా. ఊదుబత్తి పొగ అడ్డంగా దాటి పైనుంచి బయటికి వచ్చింది. వేడి గాలి పైకి పోతుంది గాబట్టి కారు నిలిపినప్పుడు కూడా పై రంధ్రమే పనికి వస్తుంది.

ఆ తర్వాత చెమ్మ. ఏసీ ఆపి ఉత్త ఫ్యాన్ మీద పోతే, చల్లబరిచే భాగం మీద పేరుకున్న నీళ్లు ఆరుతూ తడి గాలి వస్తుంది. ఆ గాలి నేరుగా పెట్టెలోకి. మందుల కాగితాలు మెత్తబడినాయి, ఒక నెలకు ముక్క వాసన. అందుకే ఆ గుండీ ఉండేది. ఏసీ ఆపితే గొట్టం మూసెయ్యాల. కంపెనీవాళ్లు ఊరికే పెట్టలేదు అని అప్పుడు తెలిసింది. చెప్పి ఉంటే బాగుండు.

రంధ్రాల ఆకారం మీద నాయనకూ మాకూ పెద్ద తగాదా అయింది. మేము వాలు రెక్కలు గీసినాము, కిటికీ లూవర్ల మాదిరి. చూసేకి అందం, లోపలిది కనపడదు. నాయన కాగితం చూసి పక్కన పెట్టేసినాడు. మోల్డు తెరుచుకునే దిక్కుకు అడ్డంగా రెక్క వాలితే ముక్క బయటికి రాదు, పక్కనుంచి జారే స్లైడర్ పెట్టాల, మోల్డు ఖరీదు ఎక్కువ. ఆయన చేసింది వేరే. రెండు గోడలు మెట్టు మెట్టుగా ఒకదానికి ఒకటి ఎడంగా వచ్చేటట్టు గీసి, మోల్డు రెండు సగాలూ మూసుకున్నప్పుడు ఏటవాలుగా తాకే చోట రంధ్రం దానంతటదే మిగిలేటట్టు చేసినాడు. స్లైడర్ లేదు. బయటనుంచి చూస్తే లోపలిది కనపడదు. సందు నాలుగు మిల్లీమీటర్లే. చిల్లర పడదు, పిల్లల వేలు ఇరుక్కోదు. అంచులు గుండ్రం చేసినాడు, లేకుంటే గాలికి ఈల వేస్తుంది. నలభై ఏళ్లుగా పక్కవాళ్ల డ్రాయింగులకు మోల్డులు చేసిన మనిషి సొంతంగా గీసింది మేము చూసింది అదే మొదలు.

అయినా అసలు సంగతి అట్లాగే ఉంది. పెట్టెకు ఎంత గాలి ఆడించినా, నిలిపిన కారులో ఆ గాలే 47 డిగ్రీలు. గాలాడే పెట్టె పొయ్యిని కారంతటి వేడికి దించగలదు, అంతే. మందుకు అది చాలదు. ఈ మాట ఒప్పుకునేకి మాకు రెండు నెలలు పట్టింది. అంత కష్టపడి చేసినదాన్ని కాదనుకోవడం కష్టం గదా.

దారి చూపింది మందుల షాపులో దొరికే తడి సంచి. నీళ్లలో నానబెడితే లోపలి గుళికలు ఉబ్బి, ఆ నీళ్లు ఆరుతూ పెన్నును చల్లగా పెడతాయి. ఎండాకాలం నీళ్ల కుండకు తడిగుడ్డ చుట్టే పద్ధతే. దాన్ని మూత డబ్బాలో పెడితే లోపలి గాలి చెమ్మతో నిండిపోయి ఆరడం ఆగిపోతుంది, చల్లదనమూ పోతుంది. గాలాడే పెట్టెలో పెడితే ఆరుతూనే ఉంటుంది. అప్పుడు పెట్టెకు పని దొరికింది. కారు పోతున్నంత సేపు తడి సంచికి గాలి అందించడం దాని పని. నిలిపితే సంచి కారులో ఉండకూడదు.

కాబట్టి పెట్టె లోపల ఇంకొక బుట్ట. జాలీ బుట్ట, పైన పిడి. దిగేటప్పుడు బుట్టతో సహా తీసుకొని పోవాల. ఇదొక్కటీ అవ్వ ఆలోచన. "కూర గిన్నెకు పిడి ఉంటుంది, మందుకు ఉండదా?" అనింది. పిడి ఎర్ర రంగుది, మరిచిపోకుండా. బుట్ట అడుగున ఉన్నిగుడ్డ, గలగలమనకుండా.

మా దగ్గర పని చేయించుకునే ఒక కంపెనీవాళ్లకు చూపించినాము. గ్రిల్ నచ్చింది, బుట్ట అక్కర లేదన్నారు. జనాలు బుట్ట తీసి ఎక్కడో పెట్టి మరిచిపోతారు, తర్వాత ఫిర్యాదు చేస్తారు అని. వాళ్ల లెక్క వాళ్లది. నాయన గ్రిల్ డ్రాయింగు ఇవ్వలేదు. "బుట్ట లేకుంటే అది కూడా చల్లటి డబ్బానే" అన్నాడు. తిరుపతి నుంచి వచ్చినాక ఆ సంగతి మీద ఆయన నోటినుంచి వచ్చింది ఆ ఒక్క మాటే.

మరుసటి సంవత్సరం మొక్కు తీర్చేకి మళ్లీ పోయినాము. మళ్లీ కృష్ణగిరి, మళ్లీ అదే ఇల్లు, అదే వాకిలి. మేము చెప్పులు వేసుకునేలోపల ఎర్ర పిడి నాయన చేతిలో ఉండింది. భోజనాల దగ్గర కూడా కింద పెట్టలేదు, ఒళ్లో పెట్టుకొని తిన్నాడు. చుట్టాలు నవ్వినారు. అవ్వ మాత్రం మామిడిపండు వద్దంటూనే రెండు ముక్కలు తినింది. దానికి వేరే చీవాట్లు పడినాయి.

కొలతలు అడిగినవాళ్లకు: బయటి పెట్టె 260 మిల్లీమీటర్ల పొడుగు, 140 వెడల్పు, 150 ఎత్తు. మీ కారు సీట్ల నడుమ ముందు కొలుచుకోండి. తడి సంచిని పొద్దున్నే నానబెట్టండి. ఎండాకాలం మా అవ్వ జేబుగుడ్డతో తుడిచి చూసి, తడి తగ్గితే దారిలోనే మళ్లీ నానబెడుతుంది. మోల్డు వర్క్‌షాపులోనే ఉంది, జాలీ బీరువా పక్కన. కావలసినవాళ్లు వచ్చేటప్పుడు చెప్పి రండి.