వర్కల కొండలో బూజు చరిత్ర

వర్కల బీచ్‌కి వెళ్లినవాళ్లంతా సముద్రం వైపే సెల్ఫీలు దిగుతారు. మీరు వెళ్తే ఒక్కసారి వెనకున్న కొండను కూడా చూడండి. తిరువనంతపురానికి సుమారు 40 కి.మీ. ఉత్తరాన, అరేబియా సముద్రం ఒడ్డునే గోడలా నిటారుగా ఉంటుంది. పైన ఎర్రటి లాటరైట్, కింద ఇసుకరాయి, రంగురంగుల బంకమట్టి. మధ్యలో అక్కడక్కడా నల్లటి చారలు. నన్ను చాలాసేపు ఆపేసినవి ఆ చారలే. అవి లిగ్నైట్, అంటే ఇంకా పూర్తిగా బొగ్గుగా మారని అడవి. మయోసీన్ కాలం నాటి ఈ పొరలకు ఈ ఊరి పేరే పెట్టి వర్కల్లి పొరలు అంటారు.

ఆ నలుపులో పుప్పొడితో పాటు ఫంగస్ స్పోర్లు కూడా ఉన్నాయి. ఊరగాయ మీద బూజు పడితే రేగే పొడి లాంటివే. మరి ఇన్ని లక్షల ఏళ్లు ఎలా మిగిలాయి? వాటి గోడల్లో కైటిన్ ఉంటుంది, రొయ్య పెంకులో ఉండేదే. ల్యాబ్‌లో మట్టిని ఆమ్లాలతో కరిగించేస్తే స్పోర్లు మిగులుతాయి. వాటిని మైక్రోస్కోప్ కింద పెడతారు.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. స్పోరు దొరికింది సరే, అది ఏ ఫంగస్‌ది? చాలాసార్లు తెలియదు. అందుకే రూపాన్ని బట్టి పేరు పెడతారు. ఎన్ని గదులు? రంధ్రం ఉందా? ఒకే గది ఉండి రంధ్రం లేకపోతే ఇనాపెర్టిస్పోరైటిస్. ఒకే గదికి ఒక రంధ్రం ఉంటే మోనోపోరిస్పోరైటిస్. రెండు గదులుండి రంధ్రం లేకపోతే డైసెల్లేస్పోరైటిస్. పేరు తెలియని పిల్లాణ్ని ‘ఆ ఉంగరాల జుట్టబ్బాయి’ అన్నట్టన్నమాట!

ఈ కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. ఉస్మానియా యూనివర్సిటీకి చెందిన సి.జి.కె. రామానుజం, ఆయన సహచరులు 1970ల్లో కేరళ పొరల్లోని ఫంగస్ అవశేషాలను వర్ణించి, వర్గీకరించారు. ఆకుల మీద చిన్న బిళ్లల్లా పెరిగే ఫంగస్‌లూ వాటిలో ఉన్నాయి. అలాంటివి వెచ్చగా, తేమగా ఉండే చోట బాగా పెరుగుతాయి. అంటే ఒకప్పుడు ఇక్కడ తడి అడవి ఉండేదని బూజే సాక్ష్యం చెబుతోంది.

ఈ కొండను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. అయినా వానలకీ కెరటాలకీ ముక్కలు విరిగిపడుతూనే ఉన్నాయి. పడిన మట్టిలోనూ స్పోర్లుంటాయి. కానీ అది ఏ పొరలోదో తెలియకపోతే దాని కథ సగం పోయినట్టే. రూపం చూసి పేరు పెట్టొచ్చు, వయసు మాత్రం పొరే చెప్పాలి. అందుకే ఆ గోడ మీద మీ పేర్లు చెక్కకండి, ముక్కలు పీకకండి. దాని కిందే నిలబడి ఫొటోలూ వద్దు, దూరం నుంచి జూమ్ చేసుకోండి.